ముల్లు నిలబడ్డాక

అంబాజీపేటలో కొబ్బరి సంత ముగిశాక
ప్రతి గురువారం రాత్రి
కురిడీల కొట్టు అటక మీద
నవ్వు అమ్మేవాళ్లం.
టిక్కెట్టు ఒక కాయ.
పీచు తీసి ఇస్తే ముందు వరస.
నవ్వు రాకపోతే కాయ వాపసు.
గోడ మీద సున్నంతో రాసిన ఆ ముక్కే
మొదటి జోకనుకున్నారు చాలామంది.

క్లబ్బు పెట్టింది కాటా గుమాస్తా పెచ్చెట్టి ముసలయ్య.
ఎందుకయ్యా నీకిది అంటే
పగలంతా బరువులే చూస్తాను గదండీ, అనేవాడు.
మొదటి రాత్రి ఒక్కడే వచ్చాడు,
వానకి చూరు కిందికి చేరిన గేదెల బేరగాడు.
ముసలయ్య వేలు చూపించి లెక్కపెట్టాడు:
లాభం.
కాయల లెక్కలో ఒకటిని ఒకటనరు మావైపు.
ఆ ఒక్కడి ముందు గంటన్నర ఆడాం.
వాన వెలిసినా కదల్లేదు మనిషి.
నిద్రపోయాడని దీపం దగ్గరికి తెచ్చాక తెలిసింది.

నా పని గంట కొట్టడం.
అయిదు నిమిషాల్లో నవ్వు పుట్టకపోతే
ఇత్తడి గంట, ఒకటే దెబ్బ.
బడిలోంచి ఎత్తుకొచ్చిన గంట అది,
ఇప్పుడు చెబితే ఎవరేం చేస్తారు.
ఎంతమందిని దింపేశానో!
పంటు దాటి వచ్చే కుర్రాడొకడు, యెరుబండి ప్రభుదాసు,
మూడు గురువారాలు నా దెబ్బకే దిగిపోయాడు.
కంగారు వాడికి.
మాట ఉడక్కముందే వడ్డించేసేవాడు.

నాలుగో వారం ముసలయ్య వాణ్ణి కాటా ముందు నిలబెట్టాడు.
బస్తా పళ్లెంలో పడేసి, ఎంత? అన్నాడు.
ముల్లు ఊగుతోందండి.
ఊగనీ.
అటు పోతుంది, ఇటొస్తుంది, కాస్త సిగ్గుపడుతుంది.
నిలబడ్డాక చెప్పు.
ముందే చెబితే రైతు నమ్మడు,
ఆలస్యమైతే షావుకారు నమ్మడు.
అంతే పాఠం.
ఆ గురువారం నా చెయ్యి గంట తాడు మీదే ఉండిపోయింది.

వాడు రేడియోకి పోయాడు, ఆనక సినిమాలకి.
రాజోలు డిపో కండక్టరు ఖాసిం
చిల్లర లేదనడంలో పదకొండు రకాలు చేసి చూపించి
హైదరాబాదు బస్సెక్కాడు, ఈసారి టిక్కెట్టు కొనుక్కుని.
ముసలయ్య చిట్టాలో
వెళ్లినవాళ్ల పేర్ల పక్కన ‘ఎగుమతి’ అని ఉండేది.

మట్టపర్తి సుభద్రమ్మ పక్కన మాత్రం ఖాళీ.
కురిడీలు పగలగొట్టే మనిషి.
మేస్త్రీ నడక నడిచేది, ఊరికే అలా,
లేని పంచె కొంగు సర్దుకుంటూ.
అటక దూలాలు కిర్రుమనేవి.
ఒకసారి ఆ మేస్త్రీయే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.
ఆమె ఆపలేదు.
ఆయన అందరికన్నా ఆలస్యంగా నవ్వాడు, అందరికన్నా ఎక్కువ.
మర్నాడు పూటకూలి కోసేశాడు.
వచ్చే గురువారం ఆ కోత కూడా చేసి చూపించింది.
మద్రాసు నుంచి ఒకాయన వచ్చి పిలిచాడు కూడా.
మా మేస్త్రీ లేని ఊళ్లో నేనెవర్ని చెయ్యనండీ, అంది.
ఆమెకి నేనెన్నడూ గంట కొట్టలేదు.
న్యాయంగానా, ఇంకెందుకైనానా
అని ఎవరూ అడగలేదు.

తుఫాను ఏడు అటక కూలింది.
కాటా పాత ఇనుం బండి మీద పోయింది,
దాని తూకం వేరే కాటా మీద వేశారు.
ముసలయ్య పోయినప్పుడు ప్రభుదాసు రాలేదు, షూటింగట.
ఇద్దరు మోసేంత దండ పంపించాడు.
సుభద్రమ్మ దాన్ని అరచేతుల్లో ఎత్తి చూసి
నీళ్లు జల్లారు, తడి తూకం, అంది.
శవం దగ్గర నవ్వకూడదని
నలుగురం గోడవైపు తిరిగాం.

మొన్న అమలాపురంలో వాడి సినిమాకి వెళ్లాను.
ఇప్పుడు తాత వేషాలు.
పెళ్లిపందిట్లో ఏదో అనబోయి
ఆగాడు.
హాలంతా ఊపిరి బిగపట్టింది.
అటు పోయింది, ఇటొచ్చింది...
నా కుడిచెయ్యి తనంతట తాను లేచింది,
పట్టుకోడానికి తాడు లేక గాల్లో.
ఏంటి తాతా, అన్నాడు పక్కసీటు కుర్రాడు.
ఉండరా,
ఇంకా నిలబడలేదు.