సీసం

నాకు తెలిసిన సీసం ఒకటే.
తొమ్మిదో తరగతిలో, పడుగుపాడు బళ్ళో,
పెంచలమ్మ టీచరు బల్ల మీద అరచేత్తో తడుతూ నేర్పింది.
పాదానికి ఆరుగురు ఇంద్రులు, ఇద్దరు సూర్యులు,
అట్టాంటి పాదాలు నాలుగు.
"మస్తాన్‌బీ, నీ గొంతులో సీసం తూగుతుందిమే" అంది.
ఆ పొద్దు ఇంటికి నడుస్తుంటే
రైలు పట్టాల కింద చెక్కలు కూడా గణాల మాదిరే కనపడినాయి.

ఇప్పుడు నెల్లూరు పెద్దాసుపత్రిలో
ల్యాబు కాగితం పట్టుకోని డాక్టరమ్మ అంటుండాది:
"నీ రక్తంలో సీసం ఉంది."
నేను నవ్వినా.
ఎనిమిదో నెల. నవ్వితే పక్కలు పట్టేస్తాయి.
ఆమె నవ్వలా.

కాలేషా పని పాత బ్యాటరీల షెడ్డులో.
ఏటిగట్టు దిగినాక, రేకుల కింద. బోర్డు ఉండదు.
గొడ్డలితో పగలేసి, యాసిడ్ ఇసకలోకి వొంచేసి,
లోపలి పలకలు మూకుట్లో కరగబెడతారు.
"నిండు చందమామని చిన్న గుంటలో పోసినట్టుంటది,
నువ్వొకసారి చూడాల" అనేవాడు.
ఆ చొక్కాతోనే వొచ్చి నా కడుపుకి చెవి ఆనించేవాడు.
ఆ చొక్కా దులిపేది నేను, నానబెట్టేది నేను,
పిండిన నీళ్ళు పోసేది తోటకూర మడికి.

ఇంకోటుండాది. డాక్టరమ్మకి చెప్పలా.
మూడో నెలలో మన్ను మీదికి మనసు పోయింది.
చింతకాయలు తెచ్చిచ్చినాడు, వొద్దన్నా.
చొక్కా జేబు కుట్లలో పేరుకున్న పొడి
వేలి కొసన అద్దుకోని నాలిక మీద పెట్టుకున్నా.
కొంచెం తియ్యగా ఉండింది.
విషమంటే చేదని గదా మనకి చెప్పింది.

కాగితం వెనక ఆమె ఒక ఎముక గీసింది.
"ఎముకకి సున్నానికీ సీసానికీ తేడా తెలియదమ్మా.
సున్నమే అనుకుని ఏళ్ళ తరబడి దాచిపెడుతుంది.
బిడ్డ సున్నం అడిగిన రోజు
దాచిందంతా తీసి ఇచ్చేస్తుంది."

ఏళ్ళ తరబడి.
చెరువు నిండితే మా అబ్బాజాన్ విసురువల కట్టేవాడు.
అంచుకి గుండ్లు పళ్ళతో నొక్కి బిగించేది నేనే, ఎనిమిదేళ్ళ పిల్లని.
గుండ్లనే అనేవాళ్ళం. సీసమని ఎవురూ అనలా.

ఆడపిల్ల. రెండు కిలోల నూరు.
బొడ్డు కొయ్యగానే నర్సు సులోచన
ఆ తాడులోంచే చిన్న గొట్టం నింపుకునింది.
"నాదా, దానిదా?" అన్నా.
"పాపదే. ఇంకా లోకం చూడకముందుది."

నాకు ముప్పై ఒకటి. దానికి ఇరవై ఆరు.
గణం తప్పితే టీచరు ఎర్రసిరాతో గీత కొట్టేది.
ఈ లెక్క మీద గీత ఎవురు కొడతారు?

మా అత్త సుర్మా తెచ్చింది.
"దాంట్లోనూ ఉంటుంది, పెట్టొద్దు" అనింది నర్సు.
నలభై ఏళ్ళుగా ఎన్ని కళ్ళకి దిద్దిందో,
ఆ సుర్మాదానీ గుప్పిట్లో మూసుకోని
సాయంత్రందాకా బెంచీ మీద అట్నే కూచోనుండాది.

కాలేషా షెడ్డు మానలా.
మానమని నేనూ అడగలా. అడిగితే బియ్యం సంగతి చెప్పాల.
ఇప్పుడు వీధి కుళాయి కాడే చొక్కా విప్పేసి,
తల రుద్దుకోని, నీళ్ళు కారతా
గడప అవతలే నిలబడి అడుగుతాడు, కన్న బిడ్డని:
"ఎత్తుకోవచ్చా?"

మాటలు ఆలస్యం కావచ్చన్నారు.
కాకపోనూ వచ్చన్నారు.
రాత్రిళ్ళు పాలిస్తా దాని వీపు మీద తడతా.
ఆరు, రెండు. ఆరు, రెండు.
నాలుగు పాదాలు అయినాక ఆగుతా.
సీసం ఒక్కటే నిలబడదు, కింద గీతం ఎత్తుకోవాలనేది టీచరు,
ఆటవెలదో, తేటగీతో.
అది మాత్రం నేను చెప్పను.

ఏటి వంతెన మీద గూడ్సు పోతుండాది.
పాప అటు తల తిప్పింది.
పాల కోసమేనేమో.