పది చెప్పమంది సుగుణ

ఈ ఏడు విన్నవాటిల్లో మంచివి
పది ఆల్బమ్‌లు చెప్పు మామా అనింది మేనకోడలు,
ఒకటి నుంచి పది దాకా, వరసగా.
గంగపట్నం రొయ్యల గుంటల కాడ
రాత్రి కాపలా వాడికి వరసేంది మే?
నంబర్లుండేది గుంటలకి.
తెల్లమచ్చ వచ్చినాక
మూడో నంబరు పలకడం కూడా మానేశాం.

అయినా అడిగినావు గనక.

పిల్ల తెచ్చినరోజు నాదస్వరం విన్నా.
వెంకటగిరి వైపు అన్నదమ్ములంట, డోలు లేదు.
సంచీలు నీళ్ళ మీద తేలేసి
లోపలి నీళ్ళూ గుంట నీళ్ళూ ఒకటే వెచ్చన అయిందాకా
మూతి విప్పకుండా కూర్చుంటాం చూడు,
వాళ్ళూ అట్నే కూర్చున్నారు
నలభై నిమిషాలు,
రాగం మూతి విప్పకుండా.
విప్పినాక నాకు కనపడింది
వెంట్రుక ముక్కంత ప్రాణం, ఒకటి గాదు, లక్షలు.

కావలి కుర్రోడిది ర్యాప్.
ఎవరో తరుముతుండట్టు మాట్లాడతాడు.
సగం అర్థం కాలా.
ముసునూరు టోలుగేటు కాడ వాళ్ళ నాయన
లారీ దిగి టీ తాగే మాట ఒకటుండాది,
ఆ మాట కోసం మొత్తం మళ్ళీ పెట్టుకున్నా.
తిట్లు జాస్తి. నువ్వు ఇయర్‌ఫోన్లు పెట్టుకో.

ఉలవపాడు ఆడవాళ్ళు పాడిన ఏసు పాటలు
కంజీర ఒక్కటే, వేరే వాయిద్యం లేదు.
నాలుగో పాటలో ఎవరి బిడ్డో ఏడిచింది,
తీసెయ్యలా వాళ్ళు.
మేత చల్లేటప్పుడు అది పెడతా.
నేను ఏ గుడికీ పోయేవాణ్ణి కాదు,
ఆ బిడ్డ ఊరుకుందాకా మాత్రం
మేత గిన్నె చేతిలో పట్టుకుని నిలబడతా.

ఇంకోటి జిలానీ పొరపాటున ఎక్కించినాడు,
విడవలూరు సెల్లు కొట్టు జిలానీ.
ఏ దేశమో తెలీదు, గిటార్లు ఒంటె నడిచినట్టు నడుస్తాయి.
భాష రాదు. ఇసక తెలుసు గదా,
మైపాడు గాలికి మల్లే
పంటికింద పడతాది ఆ గొంతు.

మాటల్లేని మిషను పాటలు కూడా విన్నా.
ఏరియేటర్ల చప్పుట్లో కలిసిపోయి
యాడ అయిపోయిందో తెలీలా.
రొండు గంటల తర్వాత చూస్తే ఫోను చచ్చిపోయుండాది.
దాన్ని మంచిదనాలా, చెడ్డదనాలా?

సినిమాది ఒకటి అనుకున్నా గానీ
చెప్పబాక ఎవరికీ, మర్చిపోయినా.

అక్టోబరు వాన రాత్రి ఒకటుండాది.
జిలానీ కొత్తగా ఎక్కించిన వీణ, ఏడో నిమిషం.
కరెంటు పోయింది.
ఎనిమిది ఏరియేటర్లు ఒక్కసారే ఊరుకున్నాయి.
టౌన్లో వాళ్ళు నిశ్శబ్దం ఎంత బాగుండాదో అంటారే,
మాకది వద్దు మే.
మాకు నిశ్శబ్దమంటే
టార్చి వెలుగులో మీసాలు పైకొచ్చి
గాలి కోసం తడుముకోవడం.
పెంచలయ్య నడుము లోతులో దిగి
అరచేతుల్తో నీళ్ళు కొడుతుండాడు,
నేను హ్యాండిలు తిప్పుతుండా,
జనరేటరు దగ్గుతుండాది, ఆగుతుండాది.
పదకొండోసారికి అందుకుంది
దుగ దుగ దుగ దుగ
తెల్లారిందాకా ఒకటే చరణం.
పెంచలయ్య గట్టున కూర్చుని
తడి చేతుల్తోనే తొడ మీద తాళం వేశాడు,
తప్పు తాళం.

ఇది ఏ జాతి సంగీతమో
నీ లిస్టులో గడి ఉంటే రాసుకో, లేకుంటే వదిలెయ్.

పది కాలేదని అనుకోబాక.
మా దగ్గిర కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దదని లెక్క.

ఆ వీణ మాత్రం ఇంకా ఏడో నిమిషంలోనే ఆగుండాది.
పట్టుబడి అయినాక వింటాలే అనుకున్నా,
పట్టుబడీ అయింది, లారీలూ పోయినాయి,
గుంట ఎండి నెర్రెలిచ్చింది.
వేలు బొమ్మ మీద పెడతా,
తీసేస్తా.