హెడ్డు మీద మసి

"నీకే పాటలిష్టం బాబాయ్?" అనడిగాడు
మెళ్ళో ఇయర్‌ఫోన్ వైరేసుకొచ్చిన కుర్రాడు.
నేను స్పిరిట్‌లో దూది ముంచుతున్నా.

బ్రాడీపేట పదకొండో లైన్లో
మెట్లకింద నాలుగడుగుల కొట్టు.
టేపురికార్డరు రిపేరుకిచ్చి
లోపల క్యాసెట్టు మర్చిపోయేవాళ్ళు జనం.
అదే నా బడి.

లాలాపేట ఖాసింవలి గారి డబ్బాలో కవ్వాలి.
మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు.
మోటారు స్పీడు సరిచూడ్డానికి
చప్పట్లు లెక్కపెట్టేవాణ్ణి.
బెల్టు మార్చాక కూడా మూడ్రోజులుంచుకున్నా,
"స్పేరు దొరకలేదు సాయిబు గారూ" అని.

మెడికల్ హాస్టలు అమ్మాయి రెజీనా తెచ్చింది
గిటారనుకున్నా, రంపపు మిల్లు!
స్పీకరు చిరిగిందేమోనని విప్పి చూశా.
చిరగలా.
పాటే అలా చిరిగుంది.
ఆ రాత్రి అన్నంలోకి ఏమీ నంజుకోకుండానే
నాలుక మండింది.

మిర్చియార్డు ఏసోబు టేపులో
వాళ్ళ తమ్ముడి పెళ్ళి డప్పు.
దరువుకీ దరువుకీ మధ్య ఎవరిదో తుమ్ము,
తాళం తప్పకుండా.
ఇప్పటికీ ఏ డప్పు విన్నా
ఆ తుమ్ముకోసం ఆగుతా. రాదు.

ఆరో లైను వయొలిన్ పంతులమ్మ సుభద్రాంబ గారు
తన కల్యాణి తీసుకెళ్ళడానికొచ్చి
కొట్లో మోగుతున్న రంపం విని
గుమ్మంలోనే ఆగిపోయారు.
"అన్నీ వినే చెవి ధర్మసత్రంరా భూషణం."
తిట్టేననుకుంటా.
సత్రమే మరి.
దిగినవాళ్ళని ఎన్నాళ్ళుంటారని అడగం.
కల్యాణి మాత్రం వెళ్ళనే లేదు,
ఇక్కడే ఎక్కడో చాపేసుకు పడుకుంది.

అలాగని అన్నీ ఇష్టమేం కాదు.
ఎలక్షను ఆటో మైకు వస్తే
షట్టరు సగం దించుతా.

కుర్రాడింకా నిలబడే ఉన్నాడు.
దూది తీసి చూపించా:
గోధుమరంగు మసి.
ఏ టేపు తిరిగినా
హెడ్డు మీద ఇంతే మిగిల్చేది.
ఇందులో కవ్వాలి ఏదో, కల్యాణి ఏదో
నువ్వు చెప్పు.

వాడికేం ఎక్కలేదు.
వైరు విప్పి
ఒక మొగ్గ నా చెవి దగ్గరికి తెచ్చాడు.
"అటు కాదు నాయనా, కుడివైపు పెట్టు.
ఎడమది ఎప్పుడో
రెజీనా పట్టుకెళ్ళింది."