ఫిబ్రవరి ముప్పై

పరాకూ సంతలో బాకె దుకాణానికి
బోర్డు లేదు.
వెదురుతట్ట, పైన చిరుగుల గొడుగు,
తట్టలో రంగులు.
పసుపువి జ్వరానికీ తలనొప్పికీ,
ఎరుపూ నలుపూ కలిసినవి నడుం పట్టేస్తే,
నీలంవి ఎందుకో, మగాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు.
చదువు రాని చోట రంగే పేరు.
వంద ఫ్రాంకులకు పది.
చిల్లర లేకపోతే తొమ్మిదీ, ఒక ఉల్లిపాయా.

మంగళవారం మా జీపు వచ్చింది.
ముందు పోలీసులు, వెనక పత్రికల వాళ్లు,
మధ్యలో సీసాల పెట్టె ఒళ్లో పెట్టుకుని నేను,
సాబిని, ప్రయోగశాల సహాయకుణ్ణి.
పదకొండేళ్ల ఉద్యోగంలో
మొదటిసారి నా చొక్కాకి ఇస్త్రీ.

పరుగెత్తగలిగిన వాళ్లు పరుగెత్తారు.
బాకె లేవలేదు. మోకాళ్లు సహకరించవు, అంది.
వాటికి మందు నీ దగ్గరే ఉందిగా, అన్నాడొక కుర్ర పోలీసు.
నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

బడిలో ఒక గది ఖాళీ చేయించి
పసుపు మాత్ర నూరాను, స్పిరిట్లో కరిగించాను.
పలక అడుగున రెండు చుక్కలు:
ఎడమన అసలుది, కుడిన బాకెది.
తడి పాకింది, వానాకాలం గోడలోకి చెమ్మ ఎక్కినట్టు.
ఊదా దీపం కింద
ఎడమ చుక్క సగం దూరం ఎక్కి నిలబడింది.
కుడివైపు
ఏమీ లేదు.

కళ్లజోడు తుడుచుకున్నాను.
మళ్లీ నూరాను, మళ్లీ పెట్టాను.
పిండి, రంగు, కాస్త సుద్ద.
జ్వరం దాన్ని చూసి ఎందుకు జడవాలి?

అట్టపెట్టె మీద మాత్రం అన్నీ ఉన్నాయి.
కంపెనీ పేరు, అందులో ఒక అక్షరం అటూ ఇటూ,
వీధి నంబరుతో సహా ఏదో ఊరు,
చల్లని చోట ఉంచుడి, పిల్లలకు అందనీయకుడి,
గడువు తేదీ: ఫిబ్రవరి ముప్పై.

ఇన్‌స్పెక్టర్ యూలాలీ రెండుసార్లు చదివింది.
"ఎన్నటికీ చెడిపోని మందు," అంది, నవ్వకుండానే.

బాకె నన్నే చూస్తూ అడిగింది:
"ఆ ఊరి పేరు దానిమీదే ఉందంటున్నారు కదా,
అక్కడికి వెళ్లదా మీ జీపు?"
యూలాలీ కాగితాలు సర్దుకుంది.
పోలీసు బయటికి వెళ్లి సిగరెట్టు ముట్టించాడు.
"నిరుడు వానల్లో బియో కూతురికి
నాలుగు రోజులు ఇవే ఇచ్చాను,
డబ్బులు కూడా తీసుకోలేదు..."
అక్కడితో ఆపేసింది.
తట్ట తనే ఎత్తి
మా సంచిలోకి బోర్లించింది,
అడుగున అంటుకున్న రెండిటిని గోటితో గీకి మరీ.

శుక్రవారం ఊరవతల గోతిలో తగలబెట్టారు.
పద్నాలుగు టన్నులని రేడియో చెప్పింది.
నేను తూచింది తొమ్మిది.
అధికారి గీసిన అగ్గిపుల్ల గాలికి ఆరిపోతే
కెమెరా కోసం మళ్లీ గీశాడు.
పసుపూ ఎరుపూ నీలమూ కాసేపు వేర్వేరుగా మండి
ఒకే మసి అయ్యాయి.
ఎడారి గాలి ఆ పొగని తిప్పి
మా మొహాల మీదికే తోసింది.
తీపి వాసన, ప్లాస్టిక్ వాసన.
కణతలు పగిలిపోతున్నాయి.

చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది.

పది మాత్రల రేకు, రెండు గుంటలు ఖాళీ.
పోయిన ఆదివారం కొన్నాను,
మందుల షాపు మూసి ఉందనీ,
తెరిచి ఉన్నా అక్కడ వెయ్యి ఫ్రాంకులనీ.
రెండు వేసుకున్నాను.
తగ్గింది కూడా.

వెనక్కి తిప్పి చూడలేదు, తేదీ తెలిసిందే.

జప్తు పట్టీలో అడుగున ఒక వరుస మిగిలి ఉంది.
వస్తువు: పసుపు మాత్రలు.
సంఖ్య: ఎనిమిది.
ఎవరి వద్ద దొరికింది: సాబి.
స్వాధీనపరచుకున్నవారి సంతకం
అన్న చోట కూడా
ఆ పేరే రాసి,
తలనొప్పితోనే జీపెక్కాను.