బూడిదరంగు షత్రంజీ

ఫౌజు గద్దెనెక్కిన నెలా పదిరోజులకు
కొత్తవాడ గల్లీల జీపు ఆగింది.
దిగినాయన బూట్లు గడప అవతల ఇడిచి లోపలికొచ్చిండు,
గా మర్యాద మాత్రం నేను మర్శిపోను.
"వెంగళ రాజవీరంటె నువ్వేనా?
సభకు షత్రంజీ కావాలె.
ముప్పై గజాల పొడుగు, పద్దెనిమిది వెడల్పు.
ఇరవై రోజులల్ల."

ఏం సభ అని అడుగలేదు.
పొద్దుగాల రేడియోల చదివిన్రు గద,
ఎన్నికలు వచ్చేదాంక నడిచే సభ,
ఎన్నికలు ఎప్పుడొస్తయో ఆ సభే చెప్తదట.
పక్క మగ్గం మీది ఐలయ్య నవ్వబోయి
గడప కాడి బూట్ల దిక్కు చూసి దగ్గిండు.

రంగు కాడ ఆగినం.
ఎరుపు వద్దన్నడు, అది ఒకలి జెండా.
పసుపు వద్దు. ఆకుపచ్చ అసలే వద్దు.
గులాబి అంటె కాయితం మీద అడ్డగీత కొట్టిండు.
నీలం?
జరసేపు ఆలోచించి
"అది సుత ఎవలదో ఒకలది" అన్నడు.
ఆఖరికి
ఖుద్దూస్ భాయి ముప్పై ఏండ్ల సంది
రంగులద్దిన చేతులు కడుక్కుంటె
గిన్నెల మిగిలే నీళ్ల రంగు ఖాయమైంది.
"మోరీల పారవోసే దానికి
కిలోకింత అని రేటు చెప్పాల్నా?" అన్నడు భాయి.
చెప్పిండు. ఆయనకూ ఇల్లున్నది.

కొలత నడుమల మారింది.
తొంభై మంది అనుకున్న సభ
నూటపదహారైంది,
పెండ్లిల చదివించే కట్నం లెక్క.
నేసినంక పెంచుడు రాదు సారూ, అతుకు కనవడ్తది అంటె
"కుర్చీలు పడితె కనవడదు" అన్నడు.
ఆ మాట నిజమే.

పేపర్ల పేర్లొచ్చినయి.
మూడో వరుసల, రైసుమిల్లు సేటు కింద,
రిటైరైన డీఎస్పీ మీద,
చొల్లేటి సుదర్శనం సారు.
మా పిల్లలకు పౌరశాస్త్రం చెప్పిన సారు.

ఆ రాత్రి వచ్చి మగ్గం గుంత అంచుకు కూసున్నడు.
చాయ చల్లగైంది.
"నేను అడుగలేదు రాజవీరూ.
నా పేరు ఎవలు రాసిన్రో తెల్వది.
పోకపోతె ఆ జాగల ఎవడు కూసుంటడో మాత్రం తెల్సు."
కొంచెం ఆగి మళ్ల ఆయనే అన్నడు,
"ముప్పైరెండేండ్లు బోర్డు మీద రాసిన,
ప్రజలచే ఎన్నుకోబడిన సభ అని.
'బడిన' అట్లనే ఉంచిన్రు సూడు.
ముందటి మాటలే తుడిచిన్రు."
నవ్విండో ఏమో, కరెంటు లేదు.

నేనేమనాలె?
అడ్వాన్సు తీసుకున్న చేతులతోని
పంజ కొడుతున్న.
పో అనలేదు, వద్దనలేదు.
పోగు తెగితె ముడేసుకున్న.
సారు పోయినంక నర్సుబాయి గిన్నెలు కడుక్కుంట అన్నది,
"ఆయన కుర్చీ మీద, నువ్వు కుర్చీ కింద.
పిలిచినోడు ఒక్కడే గద."

ప్రమాణాల నాడు గల్లంత టీవీ కాడున్నది.
అందరు మొఖాలు చూస్తుంటె
నేను కాళ్లు చూస్తున్న.
ఎడమ మూల లేచింది.
తడి ఆరకముందే చుట్టి లారీ ఎక్కించిన్రు, అందుకే.
నేను కావాలని చేసింది కాదు, ఒట్టు.
సారు లేచి మైకు దిక్కు పోతుంటె
ఆ మూలకే కాలు తట్టుకున్నది.
ముందటి కుర్చీ పట్టుకొని నిలవడ్డడు,
చదవాల్సిన కాయితం చేతుల ఉండంగనే
కిందికి చూసిండు, శానసేపు.
కెమెరా వేరే దిక్కు మర్లింది.

తెల్లారి ఫోనొచ్చింది.
మూల సదిరి పోవాలట, జీపు పంపుతరట.
"దానికి నేనెందుకు సారూ,
కొత్త షత్రంజీ గట్లనే ఉంటది.
ఇస్త్రీకి వినది, మొల కొడితె ఆగది.
తలుపులు తీసి పెట్టుర్రి.
వచ్చేటోళ్లు వచ్చి, పోయేటోళ్లు పోయి,
జనం తొక్కంగ తొక్కంగ
అదే సాపయితది" అన్న.

అటు దిక్కు సప్పుడు లేదు.
మిగిలిన పైసలు
ఇప్పటిదాంక రాలేదు.