పైకప్పు చప్పుడు

సిస్టర్ చిమూర్కర్ కాయిదం ముందలేసుకున్నది.
ప్రశ్నలు మరాఠీల అచ్చయినయి, ఆమె హిందీల అడుగుతది,
నేను తెలుగుల జవాబు ఎతుక్కుంట.
ఎంతసేపు నిలబడగలవు?
షిఫ్టు మొత్తం.
నొప్పి లేకుంటనా?
అది వేరే మాట కదా తల్లీ.

పదిల నొప్పి ఎంత అంటది.
ఇరవై ఆరేండ్లు బల్లార్షా బాయిల సపోర్టు పని నాది,
దిమ్మెలు మోసిన, కప్పుకు బోల్టులు బిగించిన,
నెత్తి మీద గుట్టంత బరువు ఆగి ఉంటే
దానికి పదిల ఎంతని ఎవ్వలూ అడగలే.
ఏడు రాసుకోమన్న.
ఏడుకు సున్న చుట్టింది.

డాక్టర్ వానఖడే బల్ల మీద పండవెట్టి
మోకాలు వంగనియ్యకుండ కాలు లేపిండు.
జానెడు లేచిందో లేదో
పిర్ర నుంచి బొటనవేలు దాక కరెంటు.
మడిమల మీద నడువుమన్నడు, మునివేళ్ల మీద నడువుమన్నడు,
రబ్బరు సుత్తెతోని మోకాలి కింద చిన్నగ కొట్టి
తల వంచి, విన్నట్టే సూసిండు.

గప్పుడు కుదిరింది నమ్మకం.
మా సర్దారు ఆకుల బక్కయ్య గిట్లనే నేర్పిండు:
కట్టెతోని కప్పును కొట్టు,
ఖంగుమంటే కింద నిలబడు,
డొల్లగ మోగితే మాట్లాడకు, ఎనుకకు నడువు.
నిన్న ఖంగుమన్నది గదా అని
ఇయ్యాల కొట్టుడు మానకు.

మిషన్ గొట్టంల పెట్టిన్రు. శానమంది భయపడి లేస్తరట.
డ్రిల్లు చప్పుడుకు నాకు నిద్రొచ్చింది.

ఫిలిం ఎలుగుకు పట్టిండు డాక్టరు.
తెల్లగున్నవి నీళ్లున్న డిస్కులు,
కిందివి రెండు చూడు, నల్లబడ్డయి, ఎండిపోయినయి.
పూస మీద పూస జారి నరాన్ని ఒత్తుతాంది.
నవ్వొచ్చింది నాకు, సారూ,
నల్ల పొర తగిలితే పేడాలు పంచిన జాగల బతికినోన్ని.

యూనియన్ల దుర్గం లచ్చులు బీడి ఆర్పి చెప్పిండు:
కోపిచ్చుకోకు. మెడికల్ బోర్డు ముందట కుంటు.
అన్‌ఫిట్ చేస్తే బిడ్డకు నౌకరి.
కుంటుడు కొత్తగ నేర్చుకునేదేమున్నది లచ్చులూ,
కుంటనట్టు నడుసుడు నేర్చుకునే
తొమ్మిదేండ్లు గడిపిన.

ఆ రాత్రి పాయఖానల కూసున్నోన్ని లేవలేకపోయిన.
మల్లుబాయి సంకల కింద చేతులేసి గుంజి నిలబెట్టింది.
ఆమె ఏమనలే.
బకీటుల నీళ్లు సగం ఒలికిపోయినయి.
తెల్లారి సంతకం పెట్టిన.

కాలు గుంజుడు శానవరకు పోతది, అన్నడు డాక్టరు,
నడుము నొప్పి కొంత మిగులుతది.
కొత్త నడుము ఇయ్యలేను, ఉన్నదాన్ని ఆపుత.
నరం మీది ఎముక చెక్కి, నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలు.
పొడుగెంత?
ఆయన చూపుడువేలు రెండు కణుపులు చూపెట్టిండు.
మావి ఐదడుగులుంటయి సారూ.
అవి ఎట్ల పడతయి, అని అడిగిండు.
బొక్క కొట్టాలె, నానవెట్టిన సిమెంటు గొట్టాలు దూర్చాలె,
బోల్టు తోసి, గట్టివడేదాక ఓపిక పట్టాలె,
అప్పుడు రేకు బిగించాలె. తొందరపడ్డోడు కింద మిగలడు.
బైట లైను ఉన్నది. ఆయన మొత్తం విన్నడు.

ఆర్నెల్లకు మల్ల అదే కాయిదం.
మొదట అరవై రెండు, ఇప్పుడు ఇరవై ఎనిమిది,
తక్కువైతే మంచిదట. సిస్టర్ ఖుషీ అయింది.
చెప్పుల పట్టీ నేనే పెట్టుకుంటాన.
వాన మబ్బు పడితే మాత్రం ఇనుము ముందుగాల్ల గుర్తువడతది.
బోర్డు నుంచి జాబు రాలే.
బిడ్డ సునంద అడగది,
పోస్టు సైకిలు సందుల మలిగితే తలుపు కాడికొస్తది.

రాత్రి బోర్ల పండుకుంటే మల్లుబాయి
కుట్ల గీత పక్కన వేలి కణుపుతోని
రెండుసార్లు మెల్లగ కొట్టి చెవి ఆనిచ్చింది.
బాయి మొకం ఎన్నడూ చూడని మనిషి.
ఏమంటాంది, అని అడిగిన.
ఏమో, తెలుస్తలేదు,
రేపు మల్ల సూస్త, పండుకో, అన్నది.