గోళ్ళు

పీణ్యా రెండో స్టేజీలో
షిఫ్టు దిగేవేళ చౌడప్ప అడిగేది ఒక్కటే:
"గోళ్ళు."

పది వేళ్ళూ ట్యూబులైటు కింద పెట్టాలి.
అనిలీను చర్మంలోంచే దిగిపోతుంది.
మండదు, చెప్పదు.
ముందు గోళ్ళకి, ఆనక పెదాలకి
నీలం పడుతుంది.

గ్లవుజుల్లో నీళ్ళు నింపి పిండుతాడు,
ఒక్క చుక్క కారినా కత్తెర.
చొక్కా తడిస్తే అక్కడే విప్పించి
పావుగంట షవర్ కింద నిలబెడతాడు.
సిగ్గుపడ్డామా, తిట్లు
కన్నడంలో మొదలై తెలుగులో తేలతాయి.

మొన్న వాళ్ళావిడ
ఎవరిదో పెళ్ళికని
గోళ్ళకి నీలం రంగు వేసుకుందట.
మంచినీళ్ళిస్తుంటే చూసి
చెంబు వదిలేశాడట.

ఇవాళ నా చేతులు
కాస్త ఎక్కువసేపే పట్టుకున్నాడు.
"గులాబీ," అన్నాడు.
"పో, బస్సు తప్పుతుంది."